ఇప్పచెట్ల కింద రింగు

పెట్టె మూత తెరవగానే గ్రేస్ చెయ్యి ఆగిపోయింది.

లోపల నల్లటి స్పాంజిలో ఒక్కో వస్తువుకు ఒక్కో గుంట కోసి ఉంది. రెండు ఉక్కు కడ్డీలు వాటి గుంటల్లో ఉన్నాయి. కెమెరా అడుగున బిగించే పలక ఉంది. లెన్స్‌ను కింది నుంచి మోసే ఊత ఉంది. గుండ్రటి గుంట ఒక్కటే ఖాళీగా ఉంది.

రింగు లేదు.

"ఏంది గ్రేసూ, జల్దీ!" చెట్ల దగ్గర నుంచి డైరెక్టర్ ప్రభాకర్ కేకేశాడు. "పువ్వు రాలుతున్నది. ఎండెక్కితే ఈ వెలుగు ఉండది."

గ్రేస్ స్పాంజి ఎత్తి చూసింది. పెట్టెను తలకిందులు చేసి దులిపింది. ఒక మర రాలిపడింది తప్ప ఇంకేమీ రాలేదు.

ఆమె తెచ్చిన కెమెరా కొత్తది, చిన్నది. దానికి తగిలించాల్సిన లెన్స్ పాతది, నీళ్ళ చెంబంత బరువు. రెండింటి మూతులు ఒకదానికొకటి కలవవు. మధ్యన ఆ ఇత్తడి రింగు ఉంటేనే కలుస్తాయి. అప్పుడు కూడా కింద రైల్స్ అనే ఆ రెండు కడ్డీలు, వాటి మీద ఊత ఉంటేనే లెన్స్ బరువుకు కెమెరా మూతి విరగకుండా నిలబడుతుంది. ఇప్పుడు రైల్స్ ఉన్నాయి, ఊత ఉంది, లెన్స్ ఉంది, కెమెరా ఉంది. అరచేతిలో పట్టే రింగు లేక అన్నీ పాతసామాను కొట్టులో ఇనుములా పడి ఉన్నాయి.

ప్రభాకర్‌కు ఇది తొలి సినిమా. వెనక నిర్మాత లేడు. కథ తనదే, తిప్పలూ తనవే. ఇప్పపువ్వు ఏరుకుని బతికే ఒక ఆడమనిషి కథ అది. తెల్లవారుతుంటే చెట్టు మీది నుంచి పువ్వు టపటపా రాలాలి, కింద కూర్చుని హీరోయిన్ వనజ ఏరుతుండాలి, ఆమె వెనక అడవి మొత్తం మంచులో తడిసిన బొమ్మలా మెత్తగా కరిగిపోవాలి. ఆ ఒక్క షాట్ కోసమే ఇంత దూరం వచ్చారు. అడవిని అలా కరిగించే లెన్స్ ఖమ్మం మొత్తానికి గ్రేస్ దగ్గరే ఉంది. స్టూడియో అంతోనయ్య చూపు మందగించి పని మానుకున్నప్పుడు ఆమె చేతిలో పెట్టిన లెన్స్ అది.

వైరా రోడ్డు పక్కన గ్రేస్‌ది కెమెరాల కిరాయి దుకాణం. పెళ్ళిళ్ళవాళ్ళూ వస్తారు, జేబులో రూపాయి లేకుండా సినిమా తీస్తానని బయల్దేరిన కుర్రాళ్ళూ వస్తారు. సామాను తిరిగి రాగానే ఒక్కో మరనూ ముట్టి చూసుకోనిదే ఆమె షట్టర్ దించదు. గ్రేస్ చేతి కింద గుడ్డముక్క కూడా పోదని ఊళ్ళో పేరు.

ఆ పేరే ఇప్పుడు పోయేలా ఉంది.

రాత్రి దిగిన ఊరి అంగన్‌వాడీ గదిలో ఉన్న పెట్టెలన్నీ తెచ్చి వరండాలో పరిచింది. బ్యాటరీల సంచి విప్పింది. వైర్ల చుట్టలు విప్పింది. ఈ షాట్‌కు అక్కర్లేని జూమ్ లెన్స్‌ను కూడా ఎత్తి చూసింది. వెనక మూత బిగించే ఉంది. మళ్ళీ గుంటలో పెట్టేసింది.

ప్రభాకర్ వచ్చి తల మీద నిలబడ్డాడు. "నిన్న సాయంత్రం ఉన్నదా?"

"ఉన్నదన్నా. చెట్టు కింద టెస్టు చేసినం కదా."

"మరి మధ్యల ఎవరు ముట్టుకున్నరు?"

ఆ ప్రశ్నకు గ్రేస్ దగ్గర జవాబు వెంటనే దొరికింది. అదే ఆమె చేసిన మొదటి తప్పు.

నిన్న మధ్యాహ్నం దుమ్ముగూడెం దాటి, మట్టిరోడ్డు పట్టి వాగు దాకా వచ్చారు. ట్రాలీ డ్రైవర్ కోటేష్ నీళ్ళలోకి తొంగిచూసి, "నాకే ఈత రాదు, నా బండికి అసలే రాదు. నేను ఈ ఒడ్డునే ఉంట" అని చింతచెట్టు నీడలో తువాలు పరుచుకున్నాడు. నీళ్ళు మోకాలి లోతే. ఊళ్ళో వాళ్ళు వచ్చి పెట్టెలు నెత్తిన పెట్టుకుని దాటించారు. లెన్స్ పెట్టెను మోసింది పుల్లమ్మ. నలభై దాటిన మనిషి, సన్నగా గట్టిగా ఉంటుంది. మెడలో పూసల పక్కన ఒక పెద్ద తాళంచెవి వేలాడుతుంది.

"అదేంది అక్కా?" అని గ్రేస్ అడిగింది.

"సంఘం కొట్టం చెవి. ఊరందరి పువ్వు ఎండినంక అండ్లనే పోస్తం. సంత దాక నా కాపలానే." పుల్లమ్మ దాన్ని బొటనవేలితో రుద్దింది. "ఊరు నమ్మి ఇచ్చింది బిడ్డా. పోయినేడు కూడ నాకే ఇచ్చిన్రు."

సాయంత్రం చెట్టు కింద కెమెరా నిలబెడుతుంటే పుల్లమ్మ పక్కనే ఉంది. రింగును చేతిలోకి తీసుకుని, "కడియం లెక్కనే ఉన్నది!" అని వేళ్ళు ముడిచి మణికట్టుకు ఎక్కించింది. చుట్టూ ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. "పెండ్లికూతురు అయినవే" అని ఎవరో ఎకసెక్కమాడారు. పుల్లమ్మ కూడా నవ్వి, తీసి గ్రేస్ చేతిలో పెట్టింది.

చేతిలో పెట్టిన మాట గ్రేస్‌కు గుర్తుంది. ఆ తర్వాతది గుర్తులేదు. మునిమాపువేళ, వనజ జడ గురించి ప్రభాకర్ వాదిస్తుంటే మధ్యన సమాధానాలు చెబుతూ సామాను సర్దింది. అంతే.

"పుల్లమ్మ చేతికి పెట్టుకున్నది నిన్న," అంది గ్రేస్. గొంతు తగ్గించలేదు. "ఇత్తడిది కదా. కడియం అనుకున్నదేమో."

వరండా కింద గంప పట్టుకుని పుల్లమ్మ నిలబడి ఉందని, ఆ మాట అన్నాకే చూసింది.

"నన్నేనా బిడ్డా?" అంది పుల్లమ్మ.

"అట్లని కాదక్కా. ఒక్కపారి నీ మూట చూపిస్తవా? మనసు నిమ్మలంగ ఉంటది."

పుల్లమ్మ గంప దించింది. నడుముకు కట్టుకున్న గుడ్డమూట విప్పి వరండా గట్టు మీద దులిపింది. పొగాకు ముక్క, చెక్క దువ్వెన, ఉల్లిపాయ, నాలుగు ఇప్పపువ్వులు. గంప కూడా బోర్లించి చూపింది. చీర కుచ్చిళ్ళు దులిపింది. ఎవరూ అడక్కముందే రవిక చేతులు పైకి లాగి రెండు చేతులూ తిప్పి చూపింది.

గ్రేస్ మొహం పక్కకు తిప్పుకుంది. చిన్నప్పుడు కూడా ఇలాగే తిప్పుకునేది. అమ్మ సవరమ్మ ఖమ్మంలో ఒక దవాఖానాలో ఆయాగా చేసేది. పని దిగి వస్తుంటే గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె టిఫిన్ డబ్బా మూత తీయించి, కొంగు దులిపించి పంపేవాడు. అవతల రోడ్డు మీద నిలబడి గ్రేస్ వచ్చే పోయే ఆటోలను చూస్తూ ఉండేది, అమ్మ వచ్చి చెయ్యి పట్టుకునే దాకా.

"దొరకలే కదా," అంది పుల్లమ్మ.

ఈలోగా ఊరిపెద్ద గోపాలు వచ్చాడు. బక్కపలచని ముసలాయన. పుల్లమ్మ తమ కోయభాషలో ఏదో చెప్పింది. ఆయన గట్టు మీద పడి ఉన్న దువ్వెననూ పొగాకునూ చూశాడు, తర్వాత గ్రేస్‌ను చూశాడు.

"మా ఊళ్ళె నీ వస్తువు పోయిందంటున్నవ్."

"పోయిందని కాదు పెద్దాయనా, కనపడుతలేదు."

"రెండూ ఒకటే. ఆ మాట ఊళ్ళె పుట్టినంక వస్తువు దొరకాలె. దొరికేదాక ఎవరం పువ్వుకు పోం."

"అంత అవసరం లేదు, మేమే వెతుక్కుంటం..."

"నీకు లేదేమో. మాకు ఉన్నది."

ఆయన వెనక్కి తిరిగి రెండు మాటలు కేకేశాడు. చెట్ల దారి పట్టినవాళ్ళు వెనక్కి వచ్చారు. ఇళ్ళ ముందు గంపలు బోర్లాపడ్డాయి. పుల్లమ్మ మెడలోని తాళంచెవి తీసి గోపాలు కాళ్ళ దగ్గర రాయి మీద పెట్టింది.

"దొరికేదాక ఇది నా కాడ ఉండొద్దు," అంది. ఈసారి తెలుగులోనే అంది.

ఏడాదంతట్లో పువ్వు రాలేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో పొద్దున ఏరకపోతే ఎండకు కమిలిపోతుంది, లేదంటే మేకల పాలవుతుంది. అది తెలిసీ ఊరు ఊరంతా వెతుకులాటకు దిగింది. పొయ్యిల్లో బూడిద వేళ్ళతో జల్లించారు. కోళ్ళగూళ్ళు ఎత్తి చూశారు. పెంటకుప్పలు కట్టెలతో గెలికారు. చెట్ల వైపు ఒక్కో ఇంటి నుంచి ఒక్కొక్కరు విడిపోయి వెళ్ళారు. కాసేపటికి పుల్లమ్మ వచ్చి, "చెట్టు కాడ చూసిన. లేదు," అని చెప్పి మళ్ళీ వాగు దారి పట్టింది. ఎండ చెట్ల మొదళ్ళ దాకా దిగింది. ఎక్కడో మేకలు పువ్వు తింటున్న చప్పుడు. ఎవరో అదిలించారు కానీ ఎవరూ వెళ్ళలేదు.

ప్రభాకర్ వరండాలో పచార్లు చేస్తున్నాడు. "ఇట్లయితే రేపు కూడ పాయె. ఆ జూమ్‌తోనన్న తియ్ గ్రేసూ. అడవి కరగకపోతే కరగకపాయె."

"దానికి కూడ అదే రింగు కావాలె అన్నా."

"నీ రింగు పాడుగాను!" అని అతను విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

గ్రేస్ అన్న మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. దానికి కూడ అదే రింగు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని జూమ్ లెన్స్ తీసింది. వెనక మూత పట్టి తిప్పింది. మూత ఊడి వచ్చింది.

కింద ఇత్తడి మెరిసింది.

రింగును విడిగా వదలొద్దు, జూమ్ వెనక బిగించి మూత పెట్టాలె, అప్పుడు పోదు. దుకాణంలో పనికి చేరిన ప్రతి మనిషికీ గ్రేస్ మొదటిరోజు చెప్పే మాట అది. పెట్టెలో ఆ గుండ్రటి గుంట షూటింగుకు బయల్దేరినప్పుడే. నిన్న చీకటిపడుతుంటే, నోరు వనజ జడ గురించి మాట్లాడుతుంటే, చేతులు వాటి పని అవి చేసేశాయి. కడిగిన గిన్నెను అటక మీద పెట్టినట్టు రింగును దాని రోజువారీ చోటులో పెట్టేశాయి.

అప్పుడే లేచి అరిచి ఉంటే సరిపోయేది. వరండా మెట్ల దాకా వచ్చింది కూడా. ఎదురుగా గోపాలు నడుము వంచి, పశువుల కొట్టంలో పేడను చేత్తో ఎత్తి పిసికి చూస్తున్నాడు. ఆ ముసలి వేళ్ళు చూసి ఆమె నోరు మూతపడింది. ఏమని చెప్పాలి? మీరు పేడలో వెతుకుతున్నది నా పెట్టెలోనే ఉంది, మూత తీయకుండా మీ మనిషి మూట విప్పించాను అనా? ఆయన పక్కనుంచి ఒక ఆడమనిషి చెంబుతో నీళ్ళు తెచ్చి గ్రేస్‌కు ఇచ్చింది. "పరేషాన్ కాకు. దొరుకుతది," అంది.

గ్రేస్ నీళ్ళు తాగింది. చెంబు తిరిగి ఇచ్చేసరికి బుర్రలో ఒక ఉపాయం తయారైంది.

చెప్పనక్కర్లేదు. దొరికితే చాలు. నిన్న కెమెరా నిలబెట్టిన చోట పడి ఉన్నట్టు దొరికితే, సర్దేటప్పుడు జారిపడిందనుకుంటారు. తప్పు సగం తనదే అవుతుంది, పుల్లమ్మ మీద మాట పోతుంది, ఊరు పువ్వుకు పోతుంది. ఎవరికీ నష్టం లేదు.

రింగును చున్నీలో చుట్టుకుని వెతుకుతున్నట్టే చెట్ల వైపు నడిచింది. మూడు కాళ్ళ స్టాండు గుచ్చిన గుంటలు అలాగే ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు. నేల మీద రాలిన పువ్వు తప్ప ఏమీ లేదు. నేల ఇంటి ముంగిలిలా చదునుగా ఉంది. అక్కడ రింగును మరీ బాహాటంగా పడేస్తే ఇప్పటిదాకా ఎవరికీ కనపడలేదేమని అడుగుతారు. పొద కింద నుంచి రెండు ఎండుటాకులు ఏరి తెచ్చింది. రింగును పెట్టి సగం కప్పింది. వచ్చినంత నెమ్మదిగానే వెనక్కి వచ్చింది.

ఎక్కువసేపు పట్టలేదు.

"దొరికింది! బిడ్డా, దొరికింది!"

పుల్లమ్మ. చెయ్యి పైకెత్తి, కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా, పిల్లలా పరుగెత్తుకుంటూ వస్తోంది. వేళ్ళ మధ్యన ఇత్తడి తళుక్కుమంటోంది. రొప్పుతూ వచ్చి గ్రేస్ అరచేతిలో రింగు పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది.

"ఇగో. నీ మనసు నిమ్మలమేనా?"

అందరూ మూగారు. గ్రేస్ ప్రాణం కుదుటపడింది. ఆ కాసేపే.

"యాడ దొరికింది?" గోపాలు అడిగాడు. సినిమావాళ్ళకూ తెలియాలన్నట్టు తెలుగులోనే అడిగాడు.

"నా చెట్టు కింద."

నీళ్ళు ఇచ్చిన ఆడమనిషి మెల్లగా అంది: "పొద్దుగాల నువ్వే చూసి వస్తివి గదనే. లేదంటివి."

"అవ్. లేకుండె." పుల్లమ్మ ఇంకా నవ్వుతూనే ఉంది. "మేకను కొట్టబోయిన. రెండాకుల కింద ఉన్నది."

"మన చెట్ల కింద ఆకులు యాడివే?"

పుల్లమ్మ మొహంలో నవ్వు అప్పుడు పోయింది.

ప్రభాకర్‌కు అర్థం కాలేదు. "ఆకులుంటే ఏమైంది పెద్దాయనా? అడవి కదా."

"పువ్వు ముంగట చెట్టు కింద మొత్తం ఊడుస్తం సారూ. ఆకు ఉంటే పువ్వు కనపడది. పుల్ల కూడ ఉండనియ్యం." గోపాలు పుల్లమ్మ వైపు చూడకుండా చెబుతున్నాడు. "ఎవరి చెట్టు వాళ్ళకే. ఒగల చెట్టు కిందికి ఇంకొగలు పోరు. పుల్లమ్మ చెట్టు కింద చూడాల్సింది పుల్లమ్మనే. చూసి లేదన్నది. ఇప్పుడు తెచ్చింది."

"నేను పెట్టలే," అంది పుల్లమ్మ.

ఎవరూ పెట్టావని అనలేదు. కానీ ఎవరూ ఏమీ అనలేదు కూడా. గోపాలు వంగి, రాయి మీది తాళంచెవి తీసి తన మొలతాడుకు ముడేసుకున్నాడు.

"మీ వస్తువు మీకు వచ్చింది. మీ పని చేసుకోండ్రి. మా సంగతి మేం చూసుకుంటం."

గుంపు విడిపోయింది. పుల్లమ్మ తన గుమ్మం ముందు కూర్చుంది. గంప పక్కనే బోర్లా ఉంది.

"దొరికింది కదా, ఇంక మొహం అట్ల పెడ్తవేంది?" ప్రభాకర్ గ్రేస్ భుజం తట్టాడు. "నీడల వెలుగు ఇంకా బాగనే ఉన్నది. కొమ్మ ఊపితే పువ్వు రాలుతది. వనజా, రా అమ్మా. గ్రేసూ, బిగియ్."

గ్రేస్ బిగించింది. పలక మీద కెమెరా. పలక కింద నుంచి రెండు కడ్డీలు. కడ్డీల మీద ఊతను జరిపి మర తిప్పింది. కెమెరా మూతికి రింగు. రింగుకు అంతోనయ్య లెన్స్. అన్నీ టక్కు టక్కున కూర్చున్నాయి. ఇంత బాగా ఎప్పుడూ కూర్చోలేదు. ఆమె కంటిని ఆనించింది.

వనజ ముందు కూర్చుని పువ్వు ఏరుతోంది. ఆమె వెనక అడవి కరిగిపోయి ఉంది. ఆ కరిగినదాంట్లో ఒక మసక మచ్చ కదిలింది. అదేమిటో చూద్దామని గ్రేస్ లెన్స్ తిప్పింది. వనజ కరిగిపోయింది. దూరంగా గుమ్మం, గుమ్మం ముందు పుల్లమ్మ స్పష్టమయ్యారు.

నీళ్ళ బిందెతో ఒకామె ఆమె ముందు నుంచే వెళ్ళింది, పలకరించలేదు. వెనకే ఇంకొకామె వెళ్ళింది, ఆమె కూడా పలకరించలేదు. పుల్లమ్మ చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది. పూసల్లో వెతికింది. అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చి, కిందికి జారింది. కాసేపు ఆగి మళ్ళీ పోయింది.

"యాక్షన్ అనమంటవా?" ప్రభాకర్ అడిగాడు.

గ్రేస్ కంటిని తీసేసింది. లెన్స్ విప్పింది. రింగు విప్పింది.

"ఏం చేస్తున్నవ్?"

"అన్నా, ఇది నేనే పెట్టిన చెట్టు కింద."

ప్రభాకర్‌కు అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక అటూ ఇటూ చూసి గొంతు బాగా తగ్గించాడు. "పెట్టినవా? సరే. పెట్టినవ్. ఇప్పుడు నోరు మూసుకో. షాట్ తీసుకుని పోదాం. పోయేటప్పుడు ఆమెకు ఏమన్న ఇద్దాం."

"ఏమిస్తవ్?"

అతను సమాధానం చెప్పేలోపు ఆమె నడుస్తోంది.

గోపాలు ముందు చెప్పాల్సిన మాటలు దారిలో కూర్చుకుంది. ఆయన ఎదుట నిలబడేసరికి అవన్నీ పోయాయి. "పుల్లమ్మ తియ్యలే. నా పెట్టెలనే ఉన్నది. నేనే మరిచిపోయిన. దొరికినంక చెప్పనీకి మొహం చెల్లక తీస్కపోయి చెట్టు కింద పెట్టిన. ఆకులు నేనే కప్పిన," అని గుక్కతిప్పుకోకుండా అనేసింది.

గోపాలు తన చేతి వేళ్ళు చూసుకున్నాడు. గోళ్ళలో పేడ ఇంకా ఉంది.

"మేం దేవులాడుతున్నప్పుడు నీకు తెలుసా?"

"మధ్యల తెలిసింది."

"నీళ్ళు తాగినవ్ చూడు, అప్పుడు?"

"అప్పటికి తెలుసు."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని గ్రేస్‌కు అనిపించింది.

"నాకు చెప్తే ఏం లాభం?" అన్నాడు చివరికి. "పుల్లమ్మ దొంగ అన్న మాట నాకొక్కనికే చెప్పినవా? ఊరందరు వింటుంటే అన్నవ్. ఏ ఇంటోళ్ళు పువ్వు ఇడిసిపెట్టి దేవులాడిన్రో ఆ ఇంటింటికి పో. ఇదే మాట చెప్పు. అది చేతికి పెట్టుకో, అందరికి కనపడాలె."

గ్రేస్ వేళ్ళు ముడిచి రింగును ఎక్కించింది. పుల్లమ్మకు సులువుగా ఎక్కింది. గ్రేస్‌కు చర్మం గీరుకుపోయి గానీ ఎక్కలేదు.

మొదటి గుమ్మంలో ఒక ముసలామె విని, తెలుగు రాక, కోడలితో మళ్ళీ చెప్పించుకుంది. కోడలు చెబుతుంటే గ్రేస్ తన తప్పును తనకు తెలియని భాషలో నిలబడి విన్నది. రెండో గుమ్మంలో వాళ్ళు ఉమ్మి లోపలికి పోయారు. ఒక ఇంట్లో పగలబడి నవ్వారు. "పెట్టెల పెట్టుకుని ఊరంత దేవులాడిచ్చినవా? పట్నపోళ్ళ తెలివి గిట్లుంటదా!" నీళ్ళు ఇచ్చిన ఆడమనిషి చెంబును తీసుకుని బోర్లించి గోడవారగా పెట్టింది. తర్వాతి ఇంటి ముందు గ్రేస్‌కు మాట రావడానికి రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక్కో గుమ్మం దాటుతుంటే వెనక కొందరు చేరారు. ఆఖరికి పుల్లమ్మ ముంగిట్లోకి వచ్చేసరికి సగం ఊరు వెనకే ఉంది. గోపాలు కూడా ఉన్నాడు.

పుల్లమ్మ లేవలేదు. గ్రేస్ చెప్పినదంతా తల దించుకుని విన్నది. విన్నాక రింగున్న చేతి వైపు చూసింది.

"పెట్టెల దొరికింది. మంచిదే. తీస్కపోయి నా చెట్టు కిందనే ఎందుకు పెట్టినవ్?"

"నీ చెట్టని నాకు తెల్వదక్కా. ఒట్టు. ఎవరిదని కూడ అనుకోలే."

"ఎవరిదో ఒగలది అయితది గద బిడ్డా," అంది పుల్లమ్మ.

అది ఎవరి చెట్టు అయినా, ఆ చెట్టు మనిషి ఈ గుమ్మం ముందు ఇలాగే కూర్చునేది. అంత చిన్న సంగతి అప్పుడు గ్రేస్‌కు తట్టలేదు. తట్టేంతగా ఆ మనుషుల్లో ఒక్కరినైనా తలుచుకోలేదు.

గోపాలు మొలతాడు ముడి విప్పి తాళంచెవిని చాచాడు. పుల్లమ్మ వెంటనే అందుకోలేదు. మూగి ఉన్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఇందాక పలకరించకుండా పోయిన బిందె మనిషి ముందుకు వచ్చి, గోపాలు చేతి నుంచి చెవి తీసుకుని, తనే పుల్లమ్మ మెడలో వేసింది. పుల్లమ్మ దాన్ని బొటనవేలితో ఒకసారి రుద్ది, గంప ఎత్తుకుని లేచింది.

"మేకలు ఏమన్న మిగిల్చినయేమో చూస్త," అంది, ఎవరితోనూ కాదు.

నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు. "మూడు కాళ్ళది నా చెట్టు కిందికెల్లి తీసెయ్యిండ్రి."

ఇంకెవరి చెట్టు కింద పెడతామని ప్రభాకర్ అడగలేదు. అడగడానికి మొహం లేదు. వనజ కొప్పులో పువ్వు తీసేసి, మారుమాట లేకుండా సంచి సర్దుకుంది.

వాగు దాకా పెట్టెలు మోయడానికి ఎవరూ రాలేదు, వీళ్ళూ పిలవలేదు. ప్రభాకర్ రైల్స్ పెట్టె ఎత్తుకుని ముందు నడిచాడు. అడవి మొదలయ్యే దాకా తిట్టాడు, తర్వాత అదీ మానేశాడు. లెన్స్ పెట్టెను గ్రేస్ నెత్తిన పెట్టుకుంది. నిన్న పుల్లమ్మ ఒక్క చేత్తో పట్టి, మాట్లాడుకుంటూ దాటించిన పెట్టె అది. గ్రేస్ రెండు చేతులతో పట్టుకున్నా నీళ్ళ మధ్యలో మెడ వణికింది. పైకెత్తిన చేతికి ఇత్తడి రింగు బిగిసిపోయి ఉంది. తీద్దామని దారిలో రెండుసార్లు ప్రయత్నించింది. వేళ్ళ మొదట్లో వాచి, రాలేదు.

అవతలి ఒడ్డున కోటేష్ తువాలు దులుపుకుంటూ లేచాడు. నీళ్ళలో నుంచి వస్తున్న గ్రేస్‌ను చూసి పళ్ళన్నీ బయటపెట్టాడు.

"ఏంది మేడమ్, గప్పుడే షూటింగ్ అయిపాయెనా? అరె, కడియం! మస్తుగున్నది. ఊరోళ్ళు పెట్టిన్రా?"

గ్రేస్ పెట్టెను ట్రాలీలోకి దించింది. చెయ్యి చున్నీ కిందికి పోబోయింది. ఆపుకుని, బయటే ఉంచింది.

"కాదు కోటేష్," అంది. "రా, కూసో. చెప్త."